ఏడు స్పీకర్లు, ఒక అత్తగారు

ఆదివారం పొద్దున్న కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే త్రిమూర్తులు ఆ రోజు కార్యక్రమం ఖాయం చేసేశాడు. మధ్యాహ్నం బస్సుకి పెనుగొండ నుంచి అత్తగారు వీరవేణిగారు దిగుతారు. భోంచేస్తారు. తర్వాత హాల్లో కొత్త హోమ్ థియేటర్ ముందు కూర్చుని సినిమా చూస్తారు. చూసి, "గణేష్‌బాబు ఇంట్లో కంటే ఇక్కడే బావుంది" అంటారు. ఈ చివరి సంగతి ఆవిడకి ఇంకా తెలీదు కానీ, త్రిమూర్తులు లెక్కలో అసలు కార్యక్రమం అదే.

గణేష్‌బాబు అతనికి తోడల్లుడు, భార్య ఉషారాణి చెల్లెలు హారతి మొగుడు. గోదావరికి ఇవతల కొవ్వూరులో త్రిమూర్తులు ఎరువుల కొట్టు, అవతల రాజమండ్రిలో గణేష్‌బాబు మేడ. మధ్యలో అంత పెద్ద నది ఉన్నా త్రిమూర్తులు కడుపుమంట ఆరేది కాదు. తోడల్లుడు కారు కొంటే ఇతనికి నిద్ర పట్టలేదు. తోడల్లుడికి ఇంకా జుట్టు రాలకపోవడం కూడా కావాలని చేస్తున్న పనే అని ఇతని అనుమానం. పైగా ఆ మనిషి మంచివాడు. నోరారా తిట్టుకునే వీలు కూడా ఇవ్వడు.

అన్నిటికంటే ఎక్కువ మండింది హోమ్ థియేటర్ దగ్గరే. పోయిన నెల అత్తగారు రాజమండ్రిలో సినిమా చూస్తూ, తెర మీద వాన పడుతుంటే, మేడ మీద వడియాలు తడిసిపోతాయని లేచి పరుగెత్తారట. ఆ ముచ్చట ఆవిడ పెళ్ళిళ్ళలో చెప్పారు, పేరంటాల్లో చెప్పారు, బస్సులో పక్క సీటువాళ్ళకి చెప్పారు. విన్న ప్రతిసారీ త్రిమూర్తులు "ఆహా, అలాగా" అని నవ్వి, ఇంటికొచ్చి చల్లటి మజ్జిగ తాగేవాడు.

అందుకే తోడల్లుడికి ఐదు స్పీకర్లుంటే ఇతను ఏడు తెప్పించాడు. అతనికి గుండెలదిరేలా మోగే సబ్‌వూఫర్ పెట్టె ఒకటుంటే, ఇతను దానికి రెండింతలది తెప్పించాడు. బిగించడానికి మనిషిని పంపుతామని షాపువాళ్ళు అంటే వద్దన్నాడు. గణేష్‌బాబు ఇంట్లో బిగించింది కూడా ఆ మనిషే, వెళ్ళి గుట్టు చెప్పేస్తాడని భయం. ఫోన్లో వీడియోలు చూసి తనే రంగంలోకి దిగాడు.

సబ్‌వూఫర్‌ని ముందు సోఫాలో కూర్చోబెట్టి మోగించాలని, మనం నేల మీద పాకుతూ శబ్దం ఎక్కడ నిండుగా వినిపిస్తే దాన్ని అక్కడ పెట్టాలని వీడియోలో చెప్పారు. త్రిమూర్తులు లుంగీ ఎగ్గట్టి, చెవి నేలకి ఆనించి, మోకాళ్ళ నొప్పికి "అమ్మా... అమ్మా..." అని మూలుగుతూ గోడవారనే పాకడం మొదలుపెట్టాడు. పూలు కోసుకోవడానికొచ్చిన పక్కింటి దుర్గాశ్రీ కిటికీలోంచి అది చూసి, పూలబుట్ట అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

తర్వాత గదిలో ప్రతిధ్వని వస్తోందని తేలింది. మెత్తటివి ఏవైనా పడేస్తే తగ్గుతుందన్నారు. పరుపు చుట్టి హాలు మధ్యలో పొడుగ్గా పడుకోబెట్టి, ఒక కొసన తలగడ పెట్టి, పైన తెల్లదుప్పటి కప్పాడు.

ఇక మిగిలింది కొలత. సోఫాలో చిన్న మైకు పెడితే, స్పీకర్లు ఒక్కొక్కటే 'కూయ్' మంటాయి, ఆ మైకు విని అన్నిటినీ సర్దుతుంది. అంతసేపూ గదిలో చప్పుడు ఉండకూడదు. మొదటి స్పీకరు కూయగానే వంటింట్లో కుక్కరు కూసింది. 'చప్పుడు ఎక్కువగా ఉంది, మళ్ళీ ప్రయత్నించండి' అని టీవీ మీద పడింది.

త్రిమూర్తులు వెళ్ళి పొయ్యి కట్టేశాడు.

"పప్పు సగమే ఉడికిందండీ! అవతల మా అమ్మొచ్చే టైమయ్యింది," అంది ఉషారాణి.

"పప్పు మీ అమ్మ ఎక్కడైనా తింటుంది. ఇలాంటి సౌండు ఎక్కడైనా వింటుందా?" అన్నాడు. రాజమండ్రిలో వింటూనే ఉందని గుర్తొచ్చి మొహం నల్లబడింది. "నేను చెప్పేదాకా నువ్వు నోరు విప్పావంటే ఒట్టే!"

ఫ్యానులు ఆపాడు. ఫ్రిజ్ ఆపాడు. ఇద్దరి ఫోన్లూ బియ్యం డబ్బాలో పెట్టి మూతేశాడు. వీధిలో చేపలావిడ కేక వినిపిస్తే గేటు దాకా పరుగెత్తి, చేతులు జోడించి, నోటి మీద వేలేసుకుని బతిమాలాడు. "అయ్యో బాబూ!" అని ఆవిడ గంప ఎత్తుకుని, కనిపించినవాళ్ళకల్లా చెవిలో ఏదో చెప్పుకుంటూ వెళ్ళిపోయింది.

దుర్గాశ్రీ ఉండబట్టలేక పెరటి తలుపు దగ్గరికొచ్చింది. మధ్యాహ్నమవుతున్నా పొయ్యి వెలగడం లేదు. పప్పు పాడైందన్న ఉక్రోషంతో ఉషారాణి కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏమైందే ఉషా? మీ అమ్మగారు వస్తారన్నావు?"

మొగుడు ఒట్టు పెట్టడంతో ఉషారాణి నోరు విప్పలేదు. కొంగుతో కళ్ళొత్తుకుని, ఇంకేముంది అన్నట్టు రెండు చేతులూ తిప్పేసింది. దుర్గాశ్రీ హాల్లోకి తొంగి చూసింది. తెల్లదుప్పటి, దాని కింద పొడుగ్గా ఓ ఆకారం. పొద్దున్నే వచ్చేసిందన్నమాట పెద్దావిడ! మధ్యాహ్నం వేళ పొయ్యి ఆరేది చావింట్లోనే, అలాంటి ఇంటిని గురించి ఆ వీధిలో ఎవరూ రెండోసారి అడగరు.

దుర్గాశ్రీ భర్త పల్లంరాజు పదిమందికీ సాయపడే మనిషి. వెంటనే గణేష్‌బాబుకి ఫోన్ చేశాడు. గణేష్‌బాబు అత్తగారికి చేస్తే స్విచాఫ్. చార్జింగ్ అయిపోతుందని ఆవిడ ప్రయాణంలో ఎప్పుడూ ఆపేసే ఉంచుతుంది. త్రిమూర్తులుకి చేస్తే ఎత్తలేదు. ఇంక అతనికి అనుమానమే లేకపోయింది.

కాసేపటికి హాలు నిండిపోయింది. వీధివాళ్ళంతా చెప్పులు బయటే వదిలి, అడుగుల చప్పుడు కాకుండా వచ్చి గోడవారన నిలబడ్డారు. పొయ్యి వెలగని ఇల్లు కదా అని ఆడవాళ్ళు క్యారేజీలతో అన్నం కూడా తెచ్చారు. ఊరంతా తన స్పీకర్లు వినడానికే కదిలొచ్చిందని త్రిమూర్తులు పొంగిపోయాడు. పల్లంరాజు అతని చెయ్యి పట్టుకుని, "ఏం చేస్తామండీ, మన చేతుల్లో ఏముంది," అని గుసగుసలాడాడు.

"ఆయ్, అంతా ఆ మైకు చేతిలోనే ఉందండి," అన్నాడు త్రిమూర్తులు.

దుఃఖంలో మనిషికి మతి చలించిందని పల్లంరాజు జాలిపడి, సంచిలోంచి పూలదండ తీశాడు. త్రిమూర్తులు మొహమాటపడుతూనే మెడ వంచాడు. పల్లంరాజు అతన్ని దాటి వెళ్ళి దండని పరుపు మీద వేశాడు.

అప్పుడు బయట కారు ఆగింది. గణేష్‌బాబు చెప్పుల్లేకుండా, రేగిన జుట్టుతో పరుగెత్తుకొచ్చి, గడప దాటగానే ఘొల్లుమన్నాడు. ఆ దెబ్బకి టీవీ మీద మళ్ళీ 'చప్పుడు ఎక్కువగా ఉంది' అని పడింది. త్రిమూర్తులు మాత్రం విసుక్కోలేదు. తోడల్లుడు తన ఏడు స్పీకర్లనీ చూసి తట్టుకోలేక ఏడుస్తున్నాడని అతను అనుకున్నాడు. ఇన్నేళ్ళు ఎదురుచూసిన దృశ్యం కళ్ళముందుంటే ఆపడానికి మనసొప్పలేదు.

"ఎప్పుడండీ అన్నయ్యగారూ?" అన్నాడు గణేష్‌బాబు వెక్కుతూ.

"నిన్న సాయంత్రం. వ్యాన్లో తెచ్చి దింపారు. నలుగురు మోస్తేగానీ లోపలికి రాలేదు."

"ఒక్క మాటైనా చెప్పలేదేంటండీ మాకు!"

"చెబితే నువ్వు బాధపడతావనే తమ్ముడూ. ఎవరి ప్రాప్తం వాళ్ళది. హారతి రాలేదా?"

"తనకింకా చెప్పలేదండి. తట్టుకోలేదు. ముందు నేనొచ్చేశాను." అని గణేష్‌బాబు పరుపు కాళ్ళ వైపు కూలబడి, "అత్తయ్యగారూ!" అని గొంతు చించుకున్నాడు.

త్రిమూర్తులు ఆనందంగా రిమోట్ నొక్కి మళ్ళీ కొలత మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే గుమ్మంలో సంచీ పట్టుకుని వీరవేణిగారు నిలబడ్డారు.

ఏడుపు ఠక్కున ఆగింది. జనం నోళ్ళు తెరిచారు, గాలి కూడా పీల్చలేదు. ఆ నిశ్శబ్దంలో స్పీకర్లు ఒకదాని తర్వాత ఒకటి ఏడూ కూసి, టీవీ మీద 'కొలత పూర్తయింది, అభినందనలు' అని పడింది.

"హమ్మయ్య, అయిపోయింది!" అని త్రిమూర్తులు ఎగిరి గంతేశాడు.

వీరవేణిగారు దండ వేసిన తెల్లదుప్పటిని చూశారు. గంతేస్తున్న పెద్దల్లుణ్ణి చూశారు. కూలబడిన చిన్నల్లుణ్ణి చూశారు.

"ఎవరు పోయారు బాబూ?"

"మీరేనండి అత్తయ్యగారూ," అన్నాడు గణేష్‌బాబు.

జరిగిందేంటో ఆవిడకి చెప్పడానికి పల్లంరాజుకి చాలాసేపే పట్టింది. అంతా విని, ఆవిడ గణేష్‌బాబు కాళ్ళకంటిన దుమ్ము వైపు చూసి కళ్ళు తుడుచుకున్నారు. ఉషారాణి భోజనం వడ్డిస్తానంటే, "వాళ్ళు తెచ్చిన అన్నమా? నేను పోయానని తెచ్చింది నేనే తిననా? వద్దమ్మా, రాజమండ్రిలో తింటాను," అన్నారు.

"అత్తయ్యగారూ! ఇప్పుడే సెట్ చేశానండీ. ఒక్క పాటండీ, ఒక్క వాన సీనండీ!" అని త్రిమూర్తులు కారు దాకా వెంటపడ్డాడు.

"పాటెందుకు బాబూ? గణేష్‌బాబు ఏడుపు సందు మలుపు దగ్గరికి వినిపించింది. నా గుండె కదిలిపోయింది. మీ పెట్టెలు ఏడూ కలిసి మోగినా అంత బాగా వస్తుందా!" అని ఆవిడ కారెక్కి కూర్చున్నారు. ఈ ముచ్చట ఇక ఏయే పెళ్ళిళ్ళలో, ఏయే బస్సుల్లో వినాలో త్రిమూర్తులుకి అప్పుడే కళ్ళకి కట్టింది.

లోపలికొచ్చి సోఫాలో కూలబడి త్రిమూర్తులు కూడా గుండెలు పగిలేలా ఏడ్చాడు కానీ, అప్పటికి కారు వంతెన దాటిపోయింది.