చీటీలో వచ్చిన చూపు

కంప్యూటర్ తప్పు చేయదు. 2006లో గద్వాల ఉచిత కంటి ఆపరేషన్ల నమోదు కేంద్రంలో ఈ మాట గోడకు రాసి, కింద అధికారి సంతకం కూడా పెట్టారు. సంతకం పడ్డాక అది నిజమే.

నా భార్య తిమ్మమ్మ రెండు కళ్లకూ పొరలొచ్చాయి. మాది మగ్గం ఇల్లు. కొత్త పడుగు ఎక్కించినప్పుడు పోగుకు పోగు అతికేది ఆమే. నేను ఒక పోగు తప్పు అందిస్తే చాలు, పని ఆపించేది. "ఏమయ్యో, ఆ పోగు తావు గదేనా? చీర ఖరాబైనంక చెప్పాల్నా?" అనేది. ముప్పై ఏళ్లు అంటూనే ఉంది. ఒక్క చీరా తిరిగి రాలేదు.

నమోదు గుమాస్తా నిరంజన్ నిబంధనల మనిషి. మా సందులో తిమ్మమ్మలు నలుగురు. ఒకరికి బదులు ఒకరి కన్ను కోయకూడదని, జనం పిలిచే పేరంతా కంప్యూటర్‌లో కొట్టాడు: కోట సందు బావికాడి మగ్గం నాగన్న పెండ్లాం చిన్న తిమ్మమ్మ. పేరు గడి పొట్టిది. 'చిన్న' దాకా పట్టింది. మిగిలిన తిమ్మమ్మ పక్క గడిలోకి పోయి కూర్చుంది. ఆ పక్క గడి ఖాళీగా ఉంటే ఆపరేషన్ కానట్టు, ఏదైనా ఉంటే అయినట్టు.

చీటీ వచ్చింది. "ఆపరేషన్ పూర్తి. చూపు వచ్చినది. అనర్హురాలు."

"నాకు కానొస్తలేదు సారూ" అంది తిమ్మమ్మ.

"చీటీల కానొస్తదని ఉన్నది కదమ్మా" అన్నాడు నిరంజన్.

"ఆపరేషన్ ఎవరు చేసిండ్రు? అప్పుడు నేను యాడున్న?"

"గది చీటీల లేదు."

(అదే వరుసలో ఆపరేషన్ కోసం అమ్రాబాద్ అడవి నుంచి వచ్చిన సాయిలుకు ఏ ఇబ్బందీ రాలేదు. పొట్టి పేరు పెట్టిన అతని పెద్దల దూరదృష్టిని మెచ్చుకోవాలి.)

ఆ ప్రోగ్రాం రాసిన భాస్కర్‌ను వనపర్తి నుంచి పిలిపించారు. మంచివాడు. అడిగితే దాచలేదు.

"తాతా, ప్రోగ్రాం రాసే భాషలు శాన ఉన్నయి. ఒకదాంట్ల రాస్తే, పేరు గడి దాటంగనే పట్టదని ఆగిపోతది. ఇంకోదాంట్ల ఆగదు. పక్క గడిల పోసేస్తది. జల్ది నడుస్తది."

"మీరేది పట్టిండ్రు?"

"ఆగనిది."

ఇందుకోసం భాషా ఎంపిక సంఘం మూడుసార్లు కూర్చుందట. కంప్యూటర్ ఆగితే వరుస ఆగుతుంది. వరుస ఆగితే పైవారు అడుగుతారు. పక్క గడిలో పడితే ఎవరూ అడగరు. తీర్మానం ఏకగ్రీవం. (తిమ్మమ్మ అడుగుతుందని సభ్యులకు తట్టలేదు.)

మనిషి రాసినదాన్ని మిషన్ మాటలోకి మార్చేదాన్ని కంపైలర్ అంటారట. మార్చేటప్పుడు అదొకసారి చూస్తుందట. ఇక్కడ గడి దాటొచ్చు, అక్కడ దాటొచ్చు అని రెండు వందల పద్నాలుగు హెచ్చరికలు ఇచ్చిందట.

"మరేం చేసిండ్రు?" అన్నాను.

"హెచ్చరికలుంటే పని తీసుకోరని సర్క్యులర్ ఉండె తాతా. దాని నోరు మూసే ఉపాయం ఒకటుంటది. మూసినం." తల వంచుకున్నాడు. "హెచ్చరికలు సున్నా అని సర్టిఫికెట్ గూడ ఇచ్చిండ్రు."

ఆ సర్టిఫికెట్‌కు అద్దం కట్టించి, గోడ మీది మాట పక్కనే తగిలించారు.

అప్పీలు పెట్టాం. అర్హతల అధికారి రామస్వామి గారు స్వయంగా వచ్చారు. చీటీ తప్పయితే రుజువు కావాలన్నారు. అదే చీటీని తిమ్మమ్మ చేతిలో పెట్టి చదవమన్నారు. ఆమె దగ్గరగా పట్టుకుంది. దూరంగా పట్టుకుంది. వేళ్లతో తడిమింది.

"కానొస్తలేదు సారూ."

"బడికి పోయినవా?"

"పోలేదు సారూ."

ఆయన తల ఊపి రిపోర్టు రాశారు. "చూపు బాగుంది. చదువు రాదు. వయోజన విద్యకు పంపవచ్చు."

ఇప్పుడు పోగులు నేనే అతుకుతున్నాను. తప్పు పోగు పడినా మగ్గం ఆగడం లేదు. తిమ్మమ్మ పక్కనే కూర్చుని ఉంటుంది. ఏమీ అనదు.

మా ఇంట్లో కూడా హెచ్చరికలు సున్నా.