సిగ్నల్ పోయిన భాగ్యవంతుడు

సెల్‌ఫోన్‌లో సిగ్నల్ పోవడమంత అదృష్టం ఈ కాలంలో మనిషికి మరొకటి లేదు. నవ్వకండి. అనుభవించి చెబుతున్నాను.

మొన్న ఆదివారం ఉదయం పళ్లు తోముకుంటూ ఫోన్ చూసుకున్నాను. పైన మూలన ఉండాల్సిన గీతలు లేవు. వాటి బదులు చిన్న ఇంటూ గుర్తు, పక్కన ‘నో సర్వీస్’ అని రాత. గుండె గుభేలుమన్న మాట నిజమే. కానీ తీరిగ్గా ఆలోచిస్తే నాకు పట్టిన అదృష్టం ఎంతటిదో అర్థమైంది.

ముందుగా మా మేనేజరు సంగతి చూడండి. సెలవు రోజున తప్ప ఆయనకి పని గుర్తుకు రాదు. నేను స్నానానికి వెళ్లిన సంగతి ఎలా తెలుస్తుందో గానీ, ఒంటి మీద నీళ్లు పడగానే ఫోన్ మోగుతుంది. ఇప్పుడు చేయమనండి! ‘మీరు కాల్ చేస్తున్న వ్యక్తి పరిధిలో లేరు’ అని ఎవరో అమ్మాయి చక్కటి గొంతుతో చెబుతుంది. ఇన్నేళ్లుగా ఆయన మొహం మీద నేను చెప్పాలనుకుని చెప్పలేకపోయిన మాట అది.

తర్వాత మా తోడల్లుడు. తెల్లారకముందే ఒక గులాబీ పువ్వు, దాని కింద ఒక సూక్తి పంపుతాడు. అవి చదివి నేనూ బాగుపడలేదు, పంపి ఆయనా బాగుపడలేదు. టిక్కులు నీలంగా మారకపోతే మాత్రం మధ్యాహ్నానికల్లా ఫోన్ చేసి, ఒంట్లో బాగానే ఉందా అని వాకబు చేస్తాడు. ఇప్పుడు ఆ గులాబీలన్నీ ఆకాశంలోనే వాడిపోతున్నాయి.

అయినా ఆ రోజంతా సిగ్నల్ కోసమే తిరిగాను. అంత అదృష్టమైతే ఎందుకు తిరిగావయ్యా అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. దాని దగ్గరికి కాసేపాగి వస్తాను.

సిగ్నల్ పోతే మరో లాభం, మన చుట్టూ ఎంతమంది ఇంజనీర్లున్నారో తెలిసిపోతుంది. కింది వాటా ఆయన బట్టల కొట్లో గుడ్డ కొలిచి కొలిచి రిటైరైన మనిషి. ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేయమన్నారు. చేశాను.

“అలా కాదండీ, ఆపాక కాసేపు ఆగాలి. దానికీ ఊపిరి తిరగాలి గదా” అన్నారు. ఆగాను. ఊపిరి తిరిగింది, గీతలు తిరిగి రాలేదు.

ఎదురు వాటా టైలరమ్మ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి తీయమంది. విమానం లేచింది, మళ్లీ దిగింది, సిగ్నల్ మాత్రం ఎక్కలేదు. పేపరు వేసే మనిషి సైకిలు దిగకుండానే, సెట్టింగుల్లోకి వెళ్లి నెట్‌వర్క్‌ని మనమే వెతికి పట్టుకోవాలని చెప్పాడు. ఫోన్ వెతికింది. చాలాసేపు వెతికి, దొరకలేదంది. ఆఫీసులో ఫైళ్లని నేను కూడా అలాగే వెతుకుతాను గనుక దాన్ని తప్పు పట్టలేకపోయాను.

డాబా ఎక్కాను. నీళ్ల ట్యాంకు పక్కన నిలబడి ఫోన్ పైకెత్తాను. ఒక గీత వచ్చినట్టే వచ్చి పోయింది. ఆరేసిన దుప్పట్ల మధ్య చెయ్యెత్తి గుండ్రంగా తిరుగుతున్న నన్ను చూసి, అవతలి డాబా మీదున్న చిన్న పాప తనూ చెయ్యెత్తి ఊపింది. ఆ రోజు తనంతట తనే నన్ను పలకరించిన మనిషి ఆ పాపే. దీన్ని కూడా లాభాల్లోనే రాసుకోండి.

ఇక మిగిలింది సిమ్ తీసి, చొక్కా అంచుతో తుడిచి, ఉఫ్‌మని ఊది మళ్లీ పెట్టడం. దానికి లొంగని జబ్బు లేదని కింది వాటా ఆయన నమ్మకం. అయితే సిమ్ ఉండే బుల్లి అర తెరవాలంటే సన్నటి మొన కావాలి. పిన్నీసు కోసం సొరుగులు వెతికాను. కుట్టుపెట్టె వెతికాను. నా ఇల్లే అయినా ఏది ఎక్కడుందో నాకు తెలియదని అప్పుడే తెలిసింది. చివరికి గుర్తొచ్చింది. మా ఇంట్లో పిన్నీసులన్నీ మా ఆవిడ చేతి గాజుకి వేలాడుతూ ఉంటాయి. ఆ గాజు మా ఆవిడతోపాటు వాళ్ల అక్కయ్య ఇంట్లో ఉంది.

ఇప్పుడు మీ ప్రశ్న దగ్గరికి వస్తాను.

మా ఆవిడ అలిగి వెళ్లింది. అంతకు ముందురోజు సాయంత్రం నేను సోఫాలో ఫోన్ చూసుకుంటుంటే ఎదురుగా కూర్చుని ఏదో చెబుతోంది. నేను మర్యాదగా ఊఁ కొడుతూనే ఉన్నాను. ఊఁ కొట్టడంలో నా చెయ్యి తిరిగిందని చెప్పుకోవాలి. ఎక్కడ ‘ఊఁ’ అనాలో, ఎక్కడ ‘ఊఁహూఁ’ అనాలో, ఎక్కడ ‘అలాగా’ అనాలో అవతలి మాట వినకుండానే సరిపెట్టగలను. కానీ ఆ రోజు ఆవిడ “అసలు మీరు వింటున్నారా?” అని అడిగితే ‘అలాగా’ అన్నాను.

ఆవిడ సంచీ సర్దుకుంది. గుమ్మం దగ్గర ఆగి, “కోపం తగ్గాక మిస్డ్ కాల్ ఇస్తాను. అప్పుడొచ్చి తీసుకెళ్లండి. ఈలోగా మీరు చేస్తే ఎత్తను” అంది. సరిగ్గా అప్పుడే నా వీడియో ఆగిపోయి గుండ్రంగా తిరగబట్టి ఆ నాలుగు మాటలూ చెవిన పడ్డాయి. సిగ్నల్ అప్పటి నుంచే నీరసిస్తోందన్నమాట.

మా ఇంట్లో మిస్డ్ కాల్‌ని తేలిగ్గా తీసుకోకూడదు. పెళ్లైన కొత్త నుంచీ మా సంసారం దాని మీదే నడుస్తోంది. ఒకసారి మోగి ఆగితే బస్సు దిగాను, రమ్మని. రెండుసార్లు మోగితే ఆలస్యమవుతుంది, తినేయమని. ఎత్తి మాట్లాడితే దాని అర్థమే చెడిపోతుంది.

ఇప్పుడు చెప్పండి. ఫోన్ మోగలేదంటే ఆవిడ ఇవ్వనట్టా, నాకు అందనట్టా? ఒకవేళ ఇచ్చి, నేను వెళ్లకపోయేసరికి కోపం రెట్టింపై ఉంటే? సిగ్నల్ ఉంటే ఇంకా ఇవ్వలేదని బాధపడేవాణ్ణి. లేదు గనుక ఇచ్చే ఉంటుందని ఆశపడవచ్చు. ఇది కూడా లాభమేనని సర్దిచెప్పుకుంటూ, ఒక్కణ్ణీ కూర్చుని భోజనం చేశాను. భయమేసింది.

కింది వాటా ఆయన ఫోన్ అడిగి తీసుకుని కంపెనీకి చేశాను. దీనికైతే ఒకటి నొక్కమన్నారు, దానికైతే రెండు నొక్కమన్నారు. నొక్కాను. పాట వినిపించారు. పాట అయిపోయి మళ్లీ మొదలైంది. ఎట్టకేలకు ఒక అమ్మాయి పలికింది.

“సర్, ఈ కనెక్షన్ మీ పేరు మీద లేదు సర్. మేడమ్ గారి పేరు మీద ఉంది. కంప్లైంట్ తీసుకోవాలంటే మేడమ్ గారే మాట్లాడాలి సర్.”

“ఆవిడ మాట్లాడటం లేదమ్మా.”

“ఎందుకు సర్? ఆవిడ ఫోన్‌కి కూడా సిగ్నల్ లేదా సర్?”

ఆ పిల్ల మంచి మనసుతోనే అడిగింది. కాకపోతే కింది వాటా ఆయన ఫోన్‌లో స్పీకర్ తప్ప మరేదీ పనిచేయదు. మెట్ల మీదున్న టైలరమ్మ కూడా తల తిప్పి చూసింది. ఆ ఫోన్‌లో మా ఆవిడని బతిమాలుకునే ధైర్యం నాకు లేకపోయింది.

“వెళ్లి తీసుకొచ్చుకోండి” అన్నారు కింది వాటా ఆయన, ఫోన్ జేబులో పెట్టుకుంటూ.

బస్సెక్కాను. తలుపు తీసింది మా ఆవిడే. నన్ను చూసింది, ఫోన్ లేకుండా ఖాళీగా ఉన్న నా చేతుల్ని చూసింది. “మిస్డ్ కాల్ ఇవ్వకుండానే వచ్చారే” అంది. ఆ మొహంలో వెలుగు చూశాక, కంప్లైంట్ ఇప్పించడానికి వచ్చానని చెప్పడానికి నేనేమైనా వెర్రివాణ్ణా? “ఊఁ” అన్నాను. ఇన్నేళ్లలో నేను విని అన్న మొదటి ఊఁ అదే.

వెనక నుంచి మా తోడల్లుడు నోరు విప్పకపోతే అంతా సవ్యంగా ఉండేది. “మీ ఫోన్‌కేమైందండీ? నా గులాబీలకి ఒక్క టిక్కే పడుతోంది” అన్నాడు.

“ఓహో, అదా సంగతి” అంది మా ఆవిడ. అయినా సంచీ తెచ్చుకుంది. తన ఫోన్‌లోంచి కంపెనీకి చేసి, తన పేరు చెప్పి, కంప్లైంట్ ఇచ్చింది. మర్నాటికి బాగవుతుందన్నారు.

తిరుగు బస్సులో నా ఫోన్ జేబులో బండరాయిలా పడి ఉంది. అందులో చూడటానికేమీ లేదు. పక్కన మా ఆవిడ కూర్చుని ఉంది. ఎంత దూరమని కిటికీలోంచి చూస్తాను?

“నిన్న ఏదో చెబుతున్నావు, ఏమిటది?” అని అడిగాను.

“చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చానని చెప్పాను.”

గతుక్కుమన్నాను. “ఏమైంది?”

“ఇంట్లో నేనేం మాట్లాడినా మీ జవాబు వినపడటం లేదు. నా చెవులే పోయాయేమోనని భయమేసి వెళ్లాను. అన్ని పరీక్షలూ చేశాడాయన. చెవులు బ్రహ్మాండంగా ఉన్నాయమ్మా, లోపం అవతలి వైపు ఉందేమో చూసుకోండి అన్నాడు.”

ఒక్కతే వెళ్లి, ఆ గదిలో ఒక్కతే కూర్చుని, చెవులకి మిషన్లు పెట్టించుకుందట. నాకు సిగ్గేసింది. ఆ తర్వాత బస్సు దిగేదాకా, దిగాక ఇంటిదాకా, ఆవిడ చెబుతూ ఉంటే విన్నాను. సిగ్నల్ పోవడం అదృష్టమని ఊరికే అనలేదు నేను.

మర్నాడు సిగ్నల్ వచ్చింది. నిండుగా గీతలు! మేనేజరు ఫోన్ వచ్చింది. గులాబీలు బొలబొలా రాలాయి. మా సేవ మీకు నచ్చిందా, ఎన్ని చుక్కలిస్తారు అని కంపెనీ అడిగింది. సోఫాలో కూర్చుని ఎన్నివ్వాలా అని చూస్తున్నాను. ఎదురుగా మా ఆవిడ ఏదో అంది.

“ఊఁ” అన్నాను.

ఆవిడ గాజు నుంచి ఒక పిన్నీసు తీసి, మొన తెరిచి, సిమ్ అర వైపు తిప్పి నా పక్కన పెట్టి లోపలికి వెళ్లింది.