ఎత్తైన చాప

పార్లమెంటుకు ఎన్నికైన తొలి మహిళకు తగిన గౌరవం జరిగేదాకా తాను మంచినీళ్లు కూడా ముట్టనని మంత్రి తూయలోగారు రేడియోలో ప్రకటించారు. ఆ రోజునుంచి కొబ్బరినీళ్లతోనే సరిపెట్టుకున్నారు. మాట మీద నిలబడే మనిషి.

ఆ తొలి మహిళ మెలియేని, మా ఫనూలై దీవిలో నర్సు. ఇక్కడ నొప్పులు మొదలైతే ఆస్పత్రి ఉన్న పెద్ద దీవికి తెడ్లపడవలో వెళ్లాలి. మా పెద్దవాడు నడిసముద్రంలోనే పుట్టాడు. తెడ్లేసేవాళ్లు అటు తిరిగి కూర్చుని, కేకలు వినపడనట్టు గట్టిగా పాటలు పాడారట. ఆ మర్యాదను మా ఆవిడ పోయేదాకా తలుచుకునేది.

దీవికి మోటారు లాంచీ తెస్తానని చెప్పి మెలియేని గెలిచింది. సభలో మొదటిరోజే అడిగింది.

"ఫనూలై నుంచి ఒక్క విన్నపమూ రాలేదమ్మా," అన్నారు మంత్రిగారు. "దీవి నుంచే, వైర్‌లెస్‌లో రావాలి. అదీ పద్ధతి."

"మా దీవి వైర్‌లెస్ అక్కడి మీ బంగళాలో ఉంది. తాళంచెవి మీ జేబులో ఉంది."

"భద్రంగా ఉందమ్మా, బెంగపడకండి."

ఆమె రోజూ అడుగుతూనే ఉంది. మంత్రిగారిది పెద్ద మనసు. ఆమెకు దేశంలోకెల్లా పెద్ద బిరుదు ఇప్పించి, ఎత్తైన చాప మీద కూర్చోబెట్టారు. మా దగ్గర మనిషి ఎంత గొప్పవాడైతే అంత తక్కువ మాట్లాడాలి. ఎత్తైన చాప మీద కూర్చున్నవాళ్లు నలుగురిలో నోరే విప్పకూడదు. వాళ్ల తరఫున మాటపెద్ద మాట్లాడతాడు. అతను అన్నదే వాళ్ల మాట, దానికి తిరుగులేదు. ఆ సేవకు మంత్రిగారు సొంత బావమరిది పీసానే త్యాగం చేశారు.

మర్నాడు సభలో పీసా లేచాడు. "అమ్మగారికి లాంచీ అక్కర్లేదట. మంత్రిగారి దయ చాలట." సభ బల్లలు చరిచింది. మెలియేని కళ్లజోడు తుడుచుకుంది.

సన్మానానికి మంత్రిగారు ప్రభుత్వ లాంచీలో ఫనూలై వచ్చారు. విందుకు పందులు కాలుతున్నాయి. ఆయన ఉపన్యాసం 'మాతృమూర్తి' అన్న మాట దగ్గరికి వచ్చేసరికి, దండ పట్టుకుని నిలబడ్డ మా దీవి నిండుచూలాలు సినా కడుపు పట్టుకుని కూలబడింది. తొలి కాన్పు, బిడ్డ అడ్డం తిరిగి ఉంది. మెలియేని లేచింది. చాప చుట్టి చంకన పెట్టుకుని, సినాను నడిపించుకుంటూ లాంచీ ఎక్కింది. చాప పరిచి కూర్చుంది.

మంత్రిగారు పీసా చెవిలో, "ఆవిణ్ణి దిగమను," అన్నారు.

"నేను ఆవిడ తరఫున మాట్లాడాలిగానీ ఆవిడతో కాదు కదా బావా."

"అయితే దిగుతానంటోందని చెప్పు."

పీసా గొంతు సవరించుకుని చుట్టూ చూశాడు. దీవి ఆడవాళ్లంతా తెడ్లు పట్టుకుని దగ్గరగా వచ్చి నిలబడ్డారు. లాంచీలో సినా పళ్లు బిగపట్టి మూలుగుతోంది.

"అమ్మగారు పోనిమ్మంటున్నారు," అన్నాడు.

లాంచీ వెళ్లిపోయింది. ఒడ్డున మంత్రిగారు, ఆయన దండలు మిగిలాయి.

ఆ సాయంత్రం రేడియో చెప్పింది, ప్రజల కష్టసుఖాలు స్వయంగా తెలుసుకోవడానికి మంత్రిగారు ఫనూలైలోనే ఉండిపోయారని. సినాకు ఆస్పత్రిలో, దీపం వెలుతురులో ఆడపిల్ల పుట్టిందని రేడియో చెప్పలేదు. అది తర్వాత తెలిసింది.

తెల్లారగానే బంగళా తాళం తెరుచుకుంది. ఫనూలై నుంచి ప్రభుత్వానికి తొలి విన్నపం వెళ్లింది: లాంచీ అత్యవసరం, వెంటనే పంపగలరు.

జవాబు వెంటనే వచ్చింది. విన్నపం అందిందట. మంత్రిగారు పర్యటన నుంచి తిరిగి రాగానే సంతకం పెట్టించి పంపుతారట.