ఫోనక్క గురువారం గంట

గురువారం ఉదయాల్లో ఫోనక్క పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి ఆఫీసుకు చేరాలి. పదింటికి గంట పర్మిషన్ పెట్టాలి. రెండు వీధులవతల మేడ మీద గదిలో, మసాజు చేసే ఆవిడ బల్ల మీద పడుకోవాలి. పదకొండింటికి తిరిగొచ్చి ఫోను ఎత్తాలి. ఏడాదిగా ఆమె బతుకులో సజావుగా సాగుతున్న పని ఇదొక్కటే.

ఆమె ఉద్యోగం లిఫ్టులు బాగుచేసే కంపెనీలో. ఊళ్ళో ఎక్కడ ఎవరు లిఫ్టులో ఇరుక్కున్నా మోగేది ఆమె బల్ల మీది ఫోనే. "గాబరా పడకండి, నేనున్నాను, తలుపు లాగకండి" అని ఆమె చల్లగా చెబుతుంటే అవతల ఏడ్చేవాళ్ళు కూడా ఊరుకునేవారు. మెకానిక్కులు వెంటనే కదలాలని ఆ మాటలన్నీ హాల్లో లౌడ్ స్పీకరులో వినిపించే ఏర్పాటు ఉంది. ఆఫీసులో చిన్నా పెద్దా అందరూ ఆమెను ఫోనక్క అనే అంటారు.

ఫోనక్కకు గాబరా పడొద్దని చెప్పేవాళ్ళు మాత్రం ఎవరూ లేరు. పదిహేనేళ్ళుగా నెల నెలా పొత్తికడుపులో ఎవరో మెలిపెట్టి పిండుతున్నట్టుండేది. ఆడపిల్లలందరికీ ఉండేదేనన్నారు. పెళ్ళయితే తగ్గుతుందన్నారు. అయింది, తగ్గలేదు. పిల్లలు పుడితే తగ్గుతుందన్నారు. పిల్లలు పుట్టలేదు, పుట్టనివ్వనిది ఆ జబ్బే. చివరికి ఒక డాక్టరమ్మ దానికి ఎండోమెట్రియోసిస్ అని పేరు చెప్పి, ఒకసారి కోసి, మాత్రలు రాసింది. మాత్రలతోపాటు మసాజు కూడా చేయించుకుని చూడమంది.

"ఇది నీ జబ్బును పోగొట్టదమ్మా. నొప్పికి బిగుసుకుపోయిన కండరాల్ని కాస్త వదులు చేస్తుంది. అంతకు మించి ఆశ పెట్టుకోకు" అంది మసాజావిడ మొదటి రోజే. పదిహేనేళ్ళలో తనకు నిజం చెప్పిన మొదటి మనిషి ఈవిడే అనిపించింది ఫోనక్కకు. ఆ గంట తర్వాత నాలుగైదు రోజులు ఫోనక్క నిటారుగా నిలబడగలిగేది, కుర్చీలో కూర్చోగలిగేది. ఆ కూర్చోవడమే ఇప్పుడు ముఖ్యం. ఇంకొక్కసారి ఫోను వదిలేసి ఇంటికి వెళితే ఆ కుర్చీలో వేరేవాళ్ళు కూర్చుంటారని మేనేజరు చెప్పేశాడు.

మేనేజరు చెడ్డవాడు కాదు, అదే వచ్చిన చిక్కు. ముప్పై ఏళ్ళు మెకానిక్కుగా చేసి ఆ సీట్లోకి వచ్చినవాడు. ప్రతి ఇబ్బంది వెనకా అరిగిపోయిన భాగం ఒకటుంటుందనీ, దాన్ని పట్టుకుని మార్చేస్తే సరిపోతుందనీ ఆయన నమ్మకం. పర్మిషన్ పుస్తకంలో ఫోనక్క వారం వారం 'సొంత పని' అని రాయడం చూసి, అది కారణం కాదు పొమ్మన్నాడు. ఆ పుస్తకం అందరి చేతుల్లోనూ తిరిగేది. ముఖ్యంగా టైపు చేసే ఆవిడ చేతుల్లో. ఏ సంగతీ ఆవిడ కడుపులో టీ చల్లారేటంతసేపు కూడా దాగదని ఆఫీసులో ఆవిడకు రేడియో అని పేరు. ఫోనక్క ఆలోచించి 'నడుం నొప్పి, మసాజు' అని రాసింది. నడుం అయితే మగవాళ్ళ ముందు చెప్పుకోవచ్చు. అదీ నొప్పిగానే ఉండేది కనుక పూర్తి అబద్ధం కూడా కాదు.

మర్నాడు ఇద్దరు మెకానిక్కులు వచ్చి ఆమె కుర్చీని తలకిందులు చేశారు.

"స్ప్రింగు పోయిందక్కా. మీ నడుం తప్పేం లేదు" అన్నాడు ఒకడు, రోగం కుదిర్చినట్టు. కొత్త కుర్చీ వచ్చింది.

తర్వాతి గురువారం ఆమె మళ్ళీ 'నడుం నొప్పి' అనే రాయాల్సి వచ్చింది. బాగుచేశాక అదే ఫిర్యాదు మళ్ళీ రావడమంటే ఆ కంపెనీలో తల కొట్టేసినంత అవమానం. మేనేజరే స్వయంగా వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, రసమట్టంతో నేల వాలు చూశాడు. బల్ల ఎత్తు పెంచారు. ఫోనును ఎడమ నుంచి కుడికి మార్చారు. మూడో వారం కూడా అదే కారణం కనబడేసరికి ఆయన హాల్లో అందర్నీ నిలబెట్టి, "ఇంకెవరికైనా నడుం నొప్పి ఉందా?" అని అడిగాడు.

ముందు స్టోరు కీపరు చెయ్యెత్తాడు. అతనికి నిజంగానే ఉంది. అతన్ని చూశాక మిగతావాళ్ళకూ గుర్తొచ్చింది. ఇరవై ముగ్గురిలో ఇరవై ఒక్క చేతులు లేచాయి.

"మీరు వెళ్ళే ఆవిడ నంబరు ఇలా ఇవ్వండి" అన్నాడు మేనేజరు, ఎంతో ఆప్యాయంగా. కాదనడానికి ఫోనక్కకు ఒక్క కారణం దొరకలేదు. ఉన్న కారణం చెప్పలేదు.

సాయంత్రం మసాజావిడే ఫోను చేసింది. "ఇక ప్రతి గురువారం పది నుంచి ఒంటిగంట దాకా మీ ఆఫీసులోనే తల్లీ. నీ గంట కూడా అందులోనే కలిసిపోయింది. నీకు సదుపాయంగా ఉంటుందని మీ మేనేజరుగారన్నారు. నువ్వే అడిగించావేమో అనుకున్నాను."

మేనేజరుకు పక్షపాతం గిట్టదు. చీటీలు తీయించాడు. మనిషికి ఎనిమిది నిమిషాలు, బట్టల మీదనే, కుర్చీలో కూర్చోబెట్టి, భుజాలు, మెడ, నడుం. ఫోనక్కకు పంతొమ్మిదో నంబరు వచ్చింది. "అంతా మీ పుణ్యమేనక్కా" అని ఒక్కొక్కరూ వచ్చి చెప్పి వెళ్ళారు.

ఆ గురువారం తెల్లవారుతూనే నొప్పి మొదలైంది. పదింటికల్లా ఫోనక్క కొత్త కుర్చీలో సగానికి వంగిపోయి ఉంది. హాల్లో చీటీలు పట్టుకుని అందరూ వరసగా నిలబడ్డారు. మసాజావిడను తీసుకురావడానికి మేనేజరు స్వయంగా కిందికి వెళ్ళాడు. వస్తూ వస్తూ లిఫ్టెక్కారు. ఆఫీసున్న భవనం లిఫ్టును మూడేళ్ళుగా ఎవరూ ముట్టుకోలేదు, దాని మీద ఎవరూ ఫిర్యాదు రాయలేదు కనుక. రెండో అంతస్తు దాటి అది ఆగిపోయింది.

ఫోను మోగింది.

"గాబరా పడకండి, నేనున్నాను" అంది ఫోనక్క. గొంతు సగంలోనే తెగింది.

"నేనేం గాబరా పడటం లేదు! ఎవర్నైనా పంపించండి!" అని మేనేజరు గొంతు హాలంతా మోగింది. మెకానిక్కులు పరుగెత్తబోయి ఆగారు. లిఫ్టు మెషిను గది తాళంచెవి మేనేజరు జేబులోనే ఉంది. తాళం బద్దలు కొట్టడానికి సుత్తి వెతుక్కుంటూ పోయారు.

"ఆ గొంతేమిటమ్మా?" మసాజావిడ మాట వినిపించింది. "మొదలైందా?"

"ఊఁ."

"పొత్తికడుపులోనేనా?"

"పొత్తికడుపేమిటండీ?" అన్నాడు మేనేజరు. "ఆవిడది నడుం. మేం కుర్చీ కూడా మార్చాం."

హాల్లో వరసంతా ఆమె వైపు తిరిగింది. ఫోనక్క బల్ల మీద నుదురు ఆనించింది. సిగ్గుపడటానికి కూడా కొంత ఓపిక కావాలి. ఆ పూట ఆమెకు అదీ లేదు.

"నడుం కాదు సార్, గర్భసంచి జబ్బు. లోపల ఉండాల్సిన పొరలాంటిది బయట పెరిగి నెల నెలా చంపుతుంది. పదిహేనేళ్ళ నుంచి ఉంది. గురువారం ఆ ఒక్క గంటతోనే వారమంతా కూర్చుని ఫోనెత్తుతున్నాను. అది కాస్తా మీరు అందరికీ పంచిపెట్టేశారు."

లిఫ్టులోంచి మేనేజరు నెమ్మదిగా అడిగాడు.

"దానికి... ఏం మార్చాలి?"

"మార్చేదేం లేదు సార్."

"అక్కడ ఆడవాళ్ళెవరైనా ఉన్నారా?" అంది మసాజావిడ. "ఎలా పట్టాలో నేను చెబుతాను. గాబరా పడకు తల్లీ, నేనున్నాను." రెండు అంతస్తుల మధ్య వేలాడుతూ కూడా ఆవిడ ఆ మాట బాగానే అంది.

వరసలోంచి వచ్చింది రేడియో. ఆ క్షణంలో నేల చీలి తనను మింగేసినా బాగుండుననుకుంది ఫోనక్క. రేడియో నేల మీద మోకాళ్ళూని ఆమె వెనక చేరింది. లౌడ్ స్పీకరులో మసాజావిడ ముందు అరచేతులు రుద్ది వేడి చేసుకోమని ఇంకా చెబుతూనే ఉంది. రేడియో చేతులు మాత్రం అప్పటికే నడుం కింద, వెన్నెముక ముగిసే చోట, సరిగ్గా పడ్డాయి. అరచేతి మొదలుతో మెల్లగా నొక్కి, పట్టి ఉంచి, వదిలాయి. తర్వాత చెప్పకుండానే తుంటి పక్కలకు జరిగాయి. ఫోనక్క మొదటిసారి ఊపిరి పూర్తిగా తీసుకుంది.

"మీకెలా తెలుసండీ?" అని గొణిగింది.

రేడియో గొంతు అంత తగ్గగలదని ఎవరికీ తెలియదు. "పదకొండేళ్ళుగా నాకు నేనే చేసుకుంటున్నాను. వెనక్కి చెయ్యి సరిగా అందదు."

"ఎవరికీ చెప్పలేదే!"

"ఇలాంటివి కూడా చెబుతారా ఏమిటి?" అంది రేడియో. ఆమె చేతులు ఆగలేదు. ఫోనక్క ఏడ్చింది, నొప్పికి కాదు.

నలభై నిమిషాలకు తాళం విరిగింది, లిఫ్టు కదిలింది. మేనేజరు వచ్చి ఫోనక్క ముఖం చూడలేక కుర్చీ వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆఫీసులో మసాజు ఆపేశామనీ, గురువారం ఆమె గంట ఆమెదేననీ, ఇక కారణం రాయనక్కర్లేదనీ చెప్పాడు. అందరూ చీటీలు జేబుల్లో పెట్టుకుని వెళ్ళిపోయారు. స్టోరు కీపరొక్కడే నిలబడి, "మరి నా నడుమో?" అన్నాడు.

తర్వాతి గురువారం పదింటికి ఫోనక్క ఆ మేడ మెట్లెక్కింది. గది బయట బెంచీ మీద, సంచి ఒళ్ళో పెట్టుకుని, రేడియో కూర్చుని ఉంది. లేవాలో కూర్చోవాలో తెలియనట్టు చూసింది.

"వేరే గంటేదీ ఖాళీ లేదమ్మా, దొరకాలంటే మూడు నెలలు పడుతుంది" అంది మసాజావిడ తలుపు పట్టుకుని. "ఈమెను పొమ్మననా? నువ్వే చెప్పు."

ఫోనక్కకు కోపమొచ్చింది. ఊరంతా చూసి, తన గంటలోకే రావాలా? బల్ల కనిపిస్తోంది, దాని మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంది. ఆమె గుమ్మంలో నిలబడి రేడియో చేతుల వంక చూసింది.

"చెరి అరగంట" అంది చివరికి.

అలా గంటను ఇద్దరూ పంచుకున్నారు, నొప్పి మాత్రం ఎవరిది వాళ్ళకు పూర్తిగానే ఉంది.