ఎడమ మోకాలిపై ఏకాభిప్రాయం

"ఒక కుర్రాడి బలమెంత, బలహీనత ఎంత అన్నది ఇకపై ఎవడో ఒక కోచ్ నోట్లో ఈల పెట్టుకుని తేల్చే వ్యవహారం కాదు. అది ప్రభుత్వ బాధ్యత!"

క్రీడల మంత్రి తౌనో హల్మె గారు ఈ మాటను మా తోర్నియో ఊరి ఐస్ హాకీ రింకు నడిమధ్యన, మంచు మీద పరిచిన ఎర్ర తివాచీ మీద నిలబడి ప్రకటించారు. మా ఊరి పత్రికకు ఆటల వార్తలు రాసే నేను ముందు వరసలోనే ఉన్నాను. అంత గొప్ప మాట విన్నాక చప్పట్లు కొట్టకుండా ఉండలేకపోయాను. చేతులకు ఉన్ని తొడుగులు ఉండటం వల్ల ఎవరికీ వినపడలేదు, అంతే.

ఆ కుర్రాడి పేరు ఏలిస్ కెర్తుల. వయసు పదిహేడు. మా క్లబ్బులో ముందు వరస ఆటగాడు. రబ్బరు బిళ్ళ అతని కర్రకు తగిలితే ఇక అది వేరేవాళ్ల సొత్తు కాదని ఊరంతా ఒప్పుకుంటుంది. పద్దెనిమిదేళ్లలోపు జాతీయ జట్టులో ఒక్క చోటు ఖాళీ ఉంది. ఏప్రిల్‌లో ప్రపంచ పోటీలు. ఛాతీ మీద సింహం బొమ్మ ఉన్న ఆ నీలం తెలుపు చొక్కా కోసం ఏలిస్ ఐదేళ్ల వయసు నుంచీ కలలు కంటున్నాడు. అతని మంచం దుప్పటి మీద కూడా ఆ సింహమే. నేను చూశాను, వాళ్లమ్మ చూపించింది.

మామూలుగా అయితే జాతీయ కోచ్ ఫోన్ చేస్తాడు, మా కోచ్ రైమో నాలుగు మాటలు చెప్తాడు, పని అయిపోతుంది. కానీ ఈసారి మంత్రిగారి దృష్టి పడింది. ఏలిస్ బలాబలాలు తేల్చడానికి ఒక కమిషన్ వేస్తున్నామని, దాని రిపోర్టు వచ్చేదాకా ఆ చోటు ఎవరికీ ఇవ్వొద్దని ఆయన ఆదేశించారు.

"మంత్రిగారూ," అన్నాడు రైమో తివాచీ అంచున నిలబడి, "ఇందులో తేల్చడానికి ఏముందండీ? కుర్రాడు బంగారం. వేగం ఉంది, చూపు ఉంది, గోలు కొట్టే చెయ్యి ఉంది. ఒక్కటే లోపం. అవతలివాళ్లు మన మీదికి వస్తుంటే వెనక్కి రావడానికి బద్ధకం. వాళ్ల గోలు దగ్గరే తచ్చాడుతుంటాడు. తిడితే వస్తాడు. అంతే, రెండు ముక్కలు."

మంత్రిగారు జాలిగా నవ్వారు. "రెండు ముక్కల్లో తేలిపోతే ఇంక ప్రభుత్వం ఎందుకయ్యా?"

రైమో ఈల జేబులో పెట్టుకున్నాడు. చదువుకున్నవాడిని, నేను ఆ మాటను శీర్షికకి రాసుకున్నాను.

సభ ముగిసింది. మంత్రిగారు వెళ్లిపోయారు. తివాచీ మాత్రం వెళ్లలేదు. రాత్రికి రాత్రి అది మంచుకు అతుక్కుపోయింది. కోద్దామంటే మంత్రిత్వ శాఖ ఆస్తి. మంచు కరిగిద్దామంటే రింకు మొత్తం కరగాలి, దానికి అనుమతి రాజధాని హెల్సింకి నుంచి రావాలి. అనుమతి కోసం రాశారు. "పరిశీలనలో ఉంది" అని జవాబు వచ్చింది, అది కూడా చాలా మర్యాదగా.

అంచేత మా కుర్రాళ్లు ప్రాక్టీసుకి వంతెన దాటి హాపరాండా వెళ్లడం మొదలుపెట్టారు. అది స్వీడన్. మాకు, వాళ్లకు మధ్య ఉన్నది ఒక నది, ఒక గంట. అటు అడుగు పెడితే గడియారం గంట వెనక్కి. ఇక్కడ దుకాణం మూసేస్తే అటు వెళ్లి రొట్టె కొనుక్కుంటాం. ఇక్కడ మంగలి "రేపు రా" అంటే అటు వెళ్లి గెడ్డం గీయించుకుంటాం. ఆలస్యమైనవాడికి అవతలి ఒడ్డు అని మా ఊళ్లో నానుడి. ఏలిస్‌కి ఇదేం కొత్త కాదు. వాళ్లమ్మ గునిల్లా ఆ ఒడ్డున పుట్టిన మనిషే, పిల్లాడికి రెండు దేశాల పౌరసత్వమూ ఉంది.

అక్కడ ఎవరినో చూడ్డానికి వచ్చిన స్వీడన్ కుర్రాళ్ల జాతీయ జట్టు కోచ్ ఒకాయన ఏలిస్‌ని చూసి, కాఫీ కప్పు పక్కన పెట్టి, ఆట అయ్యేదాకా మళ్లీ ముట్టుకోలేదట. ఆ తర్వాత గునిల్లాకి తన ఫోన్ నంబరు ఇచ్చాడు.

"నాకొద్దమ్మా. నాకు సింహం చొక్కానే కావాలి," అన్నాడు ఏలిస్.

"కావాలంటే కావాలి. నంబరు కొరుకుతుందా ఏం, పడి ఉంటుంది," అంది గునిల్లా.

ఇంతలో కమిషన్ ఏర్పడింది. మాది నాలుగు పార్టీల సంకీర్ణం కాబట్టి కమిషన్‌లోనూ నాలుగు పార్టీలకు చోటు దక్కింది. కుర్రాణ్ణి న్యాయంగా పంచుకున్నారు. పట్నాల పార్టీకి వేగం, పొలాల పార్టీకి భుజబలం, పొదుపు పార్టీకి బలహీనతలన్నీ. తీరం పార్టీకి ప్రభుత్వంలో ఉన్నది ఒక్క మంత్రి పదవి, అందువల్ల వారికి ఎడమ మోకాలు ఇచ్చారు.

వాళ్లకి ఆట తెలియదని అనుకునేరు. ఈ దేశంలో ఐస్ హాకీ తెలియని మనిషి లేడు, పసిపిల్లలు కూడా రిఫరీని తిట్టగలరు. కానీ ఆట వేరు, వాటా వేరు.

హాపరాండా రింకులో ఏలిస్ ఆట చూడ్డానికి నలుగురూ దుప్పట్లు కప్పుకుని కూర్చున్నారు. ఏలిస్ మూడు గోల్స్ కొట్టాడు. పొదుపు పార్టీ సభ్యుడు దిగులుగా కనిపించాడు.

"మా వాటాకి ఏమీ దొరకట్లేదే! ఏమయ్యా కోచ్, ఒక్క బలహీనత చూపించరాదూ?"

"చెప్పాను కదండీ, రక్షణకి వెనక్కి రాడు."

కమిషన్ కార్యదర్శి గబుక్కున కలం ఆపాడు. "సరిహద్దు ఊరి కుర్రాడికి రక్షణ బలహీనం అని ప్రభుత్వ పత్రంలో రాయాలా? రక్షణ శాఖ ఊరుకుంటుందా? పైగా పక్క దేశం గడ్డ మీద కూర్చుని!"

అందరూ ఉలిక్కిపడి చుట్టూ చూశారు. పక్క దేశం వాడు ఒకడు సాసేజీ తింటున్నాడు. ఆ మాట రికార్డుల నుంచి తొలగించారు. ఏలిస్‌కి ఉన్న ఒకే ఒక్క నిజమైన లోపం అలా ప్రభుత్వ నిర్ణయంతో మాయమైంది. ఇరవయ్యేళ్లుగా ఈల ఊదుతున్న రైమో ఏ ఆటగాడికీ ఇంత త్వరగా లోపం పోగొట్టలేకపోయాడు.

"అయితే పరాయి దేశంలో ప్రాక్టీసు చేస్తున్నాడని రాసుకోవచ్చా?" అని ఆశగా అడిగాడు పొదుపు పార్టీ సభ్యుడు.

"మీ తివాచీ తీస్తే మా ఊళ్లోనే చేస్తాడండీ!" అని రైమో అరిచాడు.

"తివాచీ ఈ కమిషన్ పరిధిలోకి రాదు."

మిగిలింది ఎడమ మోకాలు. తీరం పార్టీ ఆయన, వయసు మళ్లిన మర్యాదస్తుడు, ఏలిస్ ముందు వంగి ఆ మోకాలిని రెండువేళ్లతో తట్టాడు. "బాబూ, ఇక్కడేమైనా నొప్పిగా ఉందా?"

"లేదండీ. బాగానే ఉంది."

"తొందరపడకు, ఆలోచించి చెప్పు. మా పార్టీకి ఇదొక్కటే ఉంది."

"నిజంగా బాగానే ఉందండీ."

"నీ అభిప్రాయం నమోదు చేసుకున్నాం," అన్నాడు కార్యదర్శి. కింద రాసుకున్నది నేను పక్కనుంచి చదివాను: ఎడమ మోకాలు అనుమానాస్పదం, అభ్యర్థి సహకరించడం లేదు.

జాతీయ జట్టుకి పేర్లు ఇవ్వాల్సిన ఆఖరి రోజు వచ్చింది. ఏ దేశం గడియారం ప్రకారం ఆ దేశంలో సాయంత్రం నాలుగు గడువు. కమిషన్ తుది సమావేశం మా ఊరి హోటల్ సౌనాలో, అంటే ఆవిరి స్నానాల గదిలో, పెట్టారు. వేడి రాళ్ల మీద నీళ్లు చల్లి, ఆవిరిలో చెమటలు కక్కుతూ మాట్లాడుకుంటే ఎంతటి పీటముడైనా వీడుతుందని మా దేశంలో పెద్దల నమ్మకం. విలేకరిగా నన్నూ రానిచ్చారు. మా దగ్గర పారదర్శకత అంటే అంతే, అందరం తువ్వాళ్లతో కూర్చున్నాం.

బయట వరండాలో బల్ల మీద ఏలిస్, గునిల్లా కూర్చున్నారు. కుర్రాడు దువ్వుకుని, కోటు గుండీలన్నీ పెట్టుకుని వచ్చాడు. స్కేట్లు కూడా తెచ్చుకున్నాడు, ఏమో, చూపించమంటారేమోనని.

"కుర్రాణ్ణి తీసుకోవడానికి ఎవరికైనా అభ్యంతరం ఉందా?" అని మంత్రిగారు అడిగారు.

ఎవరికీ లేదు. నలుగురూ ఒకే గొంతుతో లేదన్నారు.

"మరింకేం, సంతకాలు పెట్టండి."

"మోకాలి మాటేంటి?" అన్నాడు తీరం పార్టీ ఆయన. "వేగానికి రెండు పేజీలు, నా మోకాలికి అర పేజీనా? చిన్న పార్టీ అంటే ఇంత చులకనా?"

ఇంకో గరిటె నీళ్లు చల్లారు. మోకాలికి ఒక పేజీ అన్నారు. అలా అయితే భుజాలు రెండు కాబట్టి మాకు రెండు పేజీలని పొలాల పార్టీ లేచింది. బలాలు పెరిగితే బలహీనతలూ పెరగాలని, లేకపోతే బడ్జెట్ సమతూకం ఏమైపోవాలని పొదుపు పార్టీ అడిగింది. మళ్లీ నీళ్లు చల్లారు. నా కళ్లజోడు మసకబారింది. ఎవరు మాట్లాడుతున్నారో కనపడలేదు, అయినా తేడా ఏమీ తెలియలేదు.

కార్యదర్శి తలుపు సందులోంచి ఫోన్ అందించాడు. జాతీయ కోచ్.

"అయ్యా, నాలుగు కావస్తోంది. ఒక్క మాట చెప్పండి చాలు. అవునా, కాదా?"

"తొందరపడితే నాణ్యత దెబ్బతింటుందయ్యా," అన్నారు మంత్రిగారు, ముఖం తుడుచుకుంటూ.

హోటల్ గోడ గడియారం నాలుగు కొట్టింది. మంత్రిగారు లేచి నిలబడ్డారు, తువ్వాలు సవరించుకున్నారు. "మిత్రులారా, ఏకాభిప్రాయం కుదిరింది! ఈ కుర్రాడి విషయం ఇంకా లోతుగా పరిశీలించాలని నాలుగు పార్టీలూ ఒప్పుకున్నాయి. ఇది ప్రజాస్వామ్య విజయం." నలుగురూ తడి చేతులతో చప్పట్లు కొట్టారు. ఆ ఖాళీ చోటుకి, గడువు దాటకూడదని, జాతీయ కోచ్ చేతికందిన ఇంకో కుర్రాడి పేరు రాసేశాడు.

నేను బట్టలు వేసుకుని వరండాలోకి వచ్చాను. కుర్రాడు లేచి నిలబడ్డాడు. ఆ ముఖం చూసి ఎలా చెప్పాలో తెలియక తిన్నగానే చెప్పాను.

ఏలిస్ కోటు పై గుండీ ఒకటి విప్పుకున్నాడు.

గునిల్లా మాత్రం గోడ గడియారం వంక చూసింది. "ఇక్కడ నాలుగు దాటింది. అక్కడ ఇంకా మూడే. లేరా, పద."

"అమ్మా, సింహం చొక్కా..."

"సింహాలు సౌనాలో ఉన్నాయిరా నాన్నా. స్కేట్లు తీసుకో."

వాళ్ల వెనక నేనూ నడిచాను. అది వార్త కదా. వంతెన మీద గాలి కోసేస్తోంది. కుర్రాడు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు, తల్లి ఒక్కసారీ చూడలేదు. హాపరాండా రింకు బల్ల దగ్గర నిలబడి ఆవిడ ఆ నంబరుకి ఫోన్ చేసింది. అవతలి కోచ్ రెండే ప్రశ్నలు అడిగాడు. పాస్‌పోర్టు ఉందా? చొక్కా సైజెంత? ఫోన్ పెట్టేశాక చూస్తే వాళ్లకి గడువు ఇంకా మిగిలే ఉంది. కూర్చుని కాఫీ తాగాం.

ఏప్రిల్‌లో మా దేశానికీ స్వీడన్‌కీ మ్యాచ్ పడింది. ఆఖరి నిమిషాల దాకా ఇద్దరికీ గోలు లేదు. మా వాళ్లు అందరూ కలిసి వాళ్ల మీదికి దూకారు. స్వీడన్ పసుపు చొక్కాలన్నీ రక్షణకి వెనక్కి పరిగెత్తాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ బద్ధకంగా మా గోలు దగ్గరే తచ్చాడుతోంది. బిళ్ళ ఎగిరొచ్చి దాని కర్రకు తగిలింది. ఇక అది వేరేవాళ్ల సొత్తు కాలేదు.

గోలు కొట్టినవాడు చేతులు ఎత్తలేదు. ఎడమ మోకాలి మీద వంగి స్కేటు తాడు బిగించుకుంటూ చాలాసేపు ఉండిపోయాడు. మా వాళ్ల ఛాతీల మీది సింహాల వంక ఒకసారి చూసి, తల తిప్పుకున్నాడు. నా పక్కన రైమో "వెనక్కి రారా వెధవా!" అని అలవాటుకొద్దీ అరిచి, వెంటనే నోరు మూసుకుని కళ్లు తుడుచుకున్నాడు.

మ్యాచ్ అయిన వెంటనే మంత్రిగారు ప్రెస్ మీట్ పెట్టారు. ముఖం వెలిగిపోతోంది.

"మా కమిషన్ అంచనా అక్షరాలా నిజమైంది. వేగం ఉందన్నాం, ఉంది. భుజబలం ఉందన్నాం, ఉంది. ఇవాళ ప్రపంచమంతా చూసింది!"

"మోకాలు సార్?" అని ఎవరో అడిగారు.

"చూశారుగా, గోలు కొట్టాక దాని మీద వంగాల్సి వచ్చింది. మేం ముందే హెచ్చరించాం." ఆయన గొంతు సవరించుకున్నారు. "ఈ స్ఫూర్తితో ఇవాళ మన గోలు కాచిన కుర్రాడి బలాబలాల మీద కూడా కమిషన్ వేస్తున్నాం. రేపే వాళ్ల ఊరి రింకులో ప్రారంభోత్సవం. తివాచీ కొత్తది ఆర్డరిచ్చాం."

ఉన్ని తొడుగులు తీసేసి మరీ చప్పట్లు కొట్టాను. బయటికి వస్తుంటే మెట్ల దగ్గర ఒకావిడ నా చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది. ఆ గోలు కాచిన కుర్రాడి తల్లి. చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"బాబూ, మీది తోర్నియో కదూ? ఆ వంతెన దాటడానికి ఎంతసేపు పడుతుంది?"