వణికే బ్రేకు

సోమవారం పొద్దున గడ్డం గీసుకుంటూ, తాళాలూ తాళంచెవులూ చేసి అమ్మే తాళాలాయన ఒక పథకం వేసుకున్నాడు. ఆదివారం ఎర్ర కారు తీయాలి, ట్రాక్ మీద ఒక్క చుట్టు తిరగాలి, ఇంటికొచ్చి పడుకోవాలి. అందులో ఇతర మనుషులెవరూ లేరు కాబట్టి చెడిపోయే వీల్లేదనుకున్నాడు.

మామూలు జనం సొంత కార్లు తెచ్చుకుని, చలానా భయం లేకుండా వేగంగా తోలుకునే చోటు ఆ ట్రాక్. ఈ ఆదివారంతో మూతపడుతోంది. తర్వాత అక్కడ గోదాములు కడతారట. ఆయన భార్య అక్కడే తోలేది. వారమంతా డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకునేవాళ్ళ పక్కన కూర్చుని నత్తనడకలు నడిపించిన టీచరమ్మ, ఆదివారం వస్తే తన ఎర్ర స్పోర్ట్స్ కారులో చెలరేగిపోయేది. "ఎప్పుడో ఆ కారే మింగేస్తుంది" అని చుట్టాలు జోస్యం చెప్పారు. ఆమె వంటింట్లో, మంచినీళ్ళ గ్లాసు చేతిలో ఉండగా, గుండె ఆగి పోయింది. జోస్యం చెప్పినవాళ్ళు సిగ్గుపడలేదు. పరామర్శకు వచ్చి కాఫీలో పంచదార తక్కువైందన్నారు.

ఆమె ఉన్నన్నాళ్ళూ ఆయన ఆ కారెక్కలేదు. టీ ఫ్లాస్కు పట్టుకుని కంచె పక్కన నిలబడేవాడు. నాలుగు చుట్లు తిరిగాక ఆమె వచ్చి ఆయన ముందు ఆపి, అద్దం దించి, టీ తాగేది. ఆయన తిట్టేవాడు. ఆమె తాగేది. కాపురమంతా అలాగే గడిచింది.

ఇప్పుడు ఆయనకున్న కోరిక ఒక్కటే. ట్రాక్ ఉండగానే, ఆమె సీట్లో కూర్చుని ఆమె తిరిగిన దారిలో ఒక్కసారి తిరగాలి. ఆ మాట ఎవరితోనూ అనలేదు. అలాంటి మాటలు ఆయన నోటికి అలవాటు లేదు. "బండి కదలకపోతే తుప్పు పడుతుంది" అని మాత్రం కూతురితో అన్నాడు.

చిక్కల్లా బ్రేకుతో వచ్చింది. ఆమె పోయాక షెడ్డులోనే ఉండిపోయిన కారును వీధి చివరిదాకా తోలి బ్రేకు నొక్కితే, పెడలు కాలికింద గజగజ వణికింది. ఎదురింటి మెకానిక్ గుమ్మంలోంచే తేల్చేశాడు. "డిస్కులు వంకరపోయుంటాయి. ముందువి రెండూ మార్చెయ్యండి. ఈ వణుకుతో ట్రాక్ వాళ్ళు గేటు దాటనివ్వరు."

డిస్కంటే చక్రం వెనక తిరిగే ఇనప పళ్ళెం. బ్రేకు నొక్కితే రెండు ప్యాడ్లు దాన్ని చెరోవైపు నుంచి పట్టుకుంటాయి. ఆలుమగల వ్యవహారమే. ఒకరు తిరుగుతానంటారు, ఒకరు ఆగమంటారు, వేడెక్కేది ఇద్దరూ.

ఆయన విడిభాగాల కొట్టుకు ఫోన్ చేశాడు.

"ఎలాంటివి కావాలి సార్? సాదావా, చిల్లులవా, గాట్లవా?"

"ఆగేవి."

"అన్నీ ఆగేవే సార్. ఇంట్లో అనుకుని చెప్పండి."

ఇంట్లో అనుకోవడమే కొంప ముంచింది. పరుపులు అమ్ముకునే బామ్మర్ది ఆ పూటే వచ్చి, "చిల్లులవి తీసుకో బావా, గాలాడుతుంది. చూడ్డానికీ దర్జా" అన్నాడు.

"నేను కొనేది బ్రేకా, జల్లెడా?"

తల్లి స్కూలు నడుపుతున్న కూతురు, "గాట్లవి వేయించు నాన్నా. మసీ దుమ్మూ ఎప్పటికప్పుడు తుడుచుకుపోతాయి. అమ్మయితే అవే కొనేది" అంది.

"అమ్మ నీకు చెప్పిందా?"

"నీకు చెప్పిందా?"

ఆయన చెప్పులు వేసుకుని మెకానిక్ దగ్గరికి వెళ్ళాడు. "ట్రాక్ వేడికి చిల్లుల దగ్గర బీటలిస్తాయి. ఒక్క చుట్టుకి సాదావి చాలు" అన్నాడు మెకానిక్. ఆయన సాదావే చెప్పాడు.

నాన్న పిసినారితనంతో ప్రాణం మీదికి తెచ్చుకుంటాడని కూతురు భయపడింది. ఆయన పేరు మీద గాట్లవి చెప్పి, వచ్చాక చూపించి ఒప్పించవచ్చనుకుంది. బావకు అభిరుచి లేదని బామ్మర్ది బాధపడ్డాడు. ఆయన పేరు మీదే చిల్లులవి చెప్పాడు. పెద్ద సైజువి అయితే ఇంకా దర్జా అని అదీ చెప్పాడు. ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు మంచిపని చేసి హాయిగా నిద్రపోయారు.

కొట్టువాడు తెలివైనవాడు. ఒకే పేరు, ఒకే చిరునామా, మూడు రకాల డిస్కులు, అన్నీ ఆదివారం లోపలే. అంటే ఇది మూడు కార్ల జట్టని గ్రహించాడు. ఆదివారం ఏర్పాట్లు చూస్తున్నదీ అతనే. ఒంటరి కార్ల జాబితాలో ఉన్న తాళాలాయన పేరు కొట్టేసి జట్ల జాబితాలో ఎక్కించాడు. మూడు పెట్టెలతో పాటు తన ఖర్చుతో ఒక బ్యానరు కూడా పంపాడు. దాని మీద మూరెడు అక్షరాలతో "తాళాల జట్టు. పట్టుకుంటే వదలదు" అని ఉంది.

ఆయన ఫోన్ చేశాడు. "నాకున్నది ఒక్క కారయ్యా."

"పెద్ద జట్లవాళ్ళంతా అలాగే అంటారు సార్. గుట్టు బయటపెట్టరు."

"నిజంగా ఒక్కటే."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడైంది. "ఒంటరివాళ్ళ జాబితా నిండిపోయింది సార్. జట్టుగా రావాలంటే మూడు కార్లుండాలి. ఒకటి తగ్గినా మీ చుట్టు పోయినట్టే."

కూతురూ బామ్మర్దీ తలలు దించుకుని నిలబడ్డారు.

"మంచికే చేశాను బావా."

"మంచికి చేసేవాళ్ళుండబట్టే లోకంలో తాళాలు అమ్ముడుపోతున్నాయి."

చిల్లుల డిస్కులు చక్రంలో పట్టలేదు. గాట్లవి వేరే మోడలుకి చెందినవి. మెకానిక్ సాదావి బిగించాడు. ఊడదీసిన పాతవి బామ్మర్ది పరుపుల వ్యానులోకి విసిరాడు. అంతదాకా రోజూ, పరీక్ష చేస్తున్నానని చెప్పి, తాళాలాయన పొద్దున్నే వీధి చివరిదాకా వెళ్ళి ఆ వణికే బ్రేకు నొక్కి వచ్చేవాడు. డిస్కులు మార్చాక ఆ పని మానేశాడు. ఎందుకు మానేశాడో ఎవరూ అడగలేదు.

ఆదివారం ట్రాక్ గేటు దగ్గర జట్టు ఆగింది. ముందు పరుపుల వ్యాను, వెనక నెత్తిన 'నేర్చుకుంటున్నాం, దూరంగా ఉండండి' బోర్డున్న డ్రైవింగ్ స్కూలు కారు, దాని వెనక ఎర్ర కారు. గేటు మనిషి వ్యాను చుట్టూ తిరిగి చూశాడు.

"ఏంటిది?"

"పరుపుల వ్యాను" అన్నాడు బామ్మర్ది.

"అది తెలుస్తోంది. వేగంగా వెళ్తుందా?"

"దిగుడులో."

కొట్టువాడు అడ్డుపడి, జట్ల జాబితా చూపించి లోపలికి పంపాడు. బామ్మర్ది కంచె పక్కన రెండు కర్రలు పాతి బ్యానరు కట్టాడు. గాలికి ఊగుతుంటే, వ్యానులో పడున్న పాత డిస్కుల్ని కర్రలకు తొడిగి మొదలు దగ్గర బరువుగా దించాడు. ఈయనగారి ఒక్క ఆలోచన పనికొచ్చిందని తాళాలాయన అనుకున్నాడు గానీ పైకి అనలేదు.

జట్టు వరస తప్పకూడదన్నారు. వ్యాను పరుపుల మీద నడిచినట్టు మెల్లగా కదిలింది. కూతురు అలవాటు కొద్దీ ప్రతి మలుపుకీ లైటు వేసి, చెయ్యి కూడా చూపించింది. జనం లేచి చప్పట్లు కొట్టారు. చివరి పొడుగు దారిలో ఇద్దరూ పక్కకు తప్పుకున్నారు. దారి ఖాళీ అయింది.

ఆయన కాలు అదిమాడు. కారు ముందుకు దూకింది. సీటు వెనక్కి నెట్టింది. ఆమె ప్రతి ఆదివారం ఇదే చూసేది కాబోలు. కళ్ళలో నీళ్ళు గాలికేనని సర్దిచెప్పుకున్నాడు. మలుపు ముందు బ్రేకు నొక్కాడు. కారు చెప్పినట్టు విని తగ్గింది. ఎక్కడా వణకలేదు. కాలికింద ఏమీ లేదు. ఎవరిదో కొత్త కారు అరువు తెచ్చుకున్నట్టు అనిపించింది. కోరుకున్న చుట్టు అయిపోయింది, ఆమె మాత్రం ఎక్కడా తగల్లేదు.

కంచె దగ్గర, ఆమె ఆపే చోటే ఆపి, అలాగే కూర్చుండిపోయాడు. వ్యానులో వాళ్ళతో వచ్చిన మెకానిక్ పరుగెత్తుకొచ్చాడు.

"కాలు తియ్యండి సార్. బ్రేకు మీంచి కాలు తీసెయ్యండి. వేడి మీదున్నప్పుడు నొక్కి ఉంచితే ప్యాడు అచ్చు డిస్కు మీద పడిపోతుంది. ఇక నొక్కినప్పుడల్లా అక్కడ తగిలి వణుకుతుంది."

ఆయన దిగాడు. "వణికితే వంకరపోయినట్టు అన్నావు."

"వంకరో, అచ్చో. చూస్తేగానీ తెలీదు."

"నువ్వు చూడలేదా?"

"వణుకుతోందంటే మార్చెయ్యమన్నాను. అందరూ అదే కదా చేస్తారు."

ఆయన బ్యానరు దగ్గరికి నడిచి కర్రలు రెండూ పీకాడు. 'పట్టుకుంటే వదలదు' పోయి బామ్మర్ది నెత్తిన పడి అతన్ని పట్టుకుంది. అతను లోపల్నుంచి "బావా, బావా" అంటూనే ఉన్నాడు. ఆయన కర్రకున్న పాత డిస్కు తీసి ఎండకు తిప్పాడు. మెరిసే ఇనుము మీద అరచేయంత నల్లటి మచ్చ. రెండోదాని మీదా అంతే. వంకర లేదు. జీవితమంతా సబ్బు మీద తాళంచెవుల అచ్చులు తీసిన మనిషికి అచ్చంటే ఎవరూ చెప్పక్కర్లేదు.

కూతురు భుజం మీదుగా చూసింది. "అమ్మ స్కూల్లో మొదటి పాఠం ఇదే నాన్నా. బండి ఆగినా బ్రేకు మీంచి కాలు తియ్యకూడదని. ఇక్కడికొచ్చినా ఆ అలవాటు పోలేదన్నమాట."

ఆమె ఆఖరి ఆదివారం ఇక్కడే ఆపింది. ఆ రోజు ఆయన ఎప్పటికంటే ఎక్కువసేపు తిట్టాడు. ఆమె ఎప్పటికంటే నిదానంగా తాగింది. "ఇంకాస్త తిట్టు, టీ ఇంకా ఉంది" అంది. అంతసేపూ ఆమె కాలు బ్రేకు మీదే ఉంది.

"పాతవి మళ్ళీ బిగించు" అన్నాడు ఆయన.

"ఇవా? పోనీ, లేతు మిషను మీద గీకించి నున్నగా చేయిస్తాను."

"గీకితే నిన్ను గీకిస్తా."

"వణుకుతుంది కదండీ."

"వణకనీ."

"ఇక ట్రాక్ మీదికి రానివ్వరు."

"ట్రాకే ఉండదు."

మెకానిక్ బిగిస్తుండగా కొట్టువాడు మైకులో తాళాల జట్టును పిలిచాడు. కడదాకా విడిపోకుండా తిరిగినందుకు వాళ్ళకో బహుమతి ఇచ్చాడు. ఒక జత చిల్లుల డిస్కులు. బ్యానరులోంచి బయటపడిన బామ్మర్ది వెళ్ళి తీసుకున్నాడు.

తాళాలాయన ఎర్ర కారును ఊళ్ళోకి నెమ్మదిగా పోనిచ్చాడు. మొదటి ఎర్రదీపం దగ్గర బ్రేకు నొక్కితే పెడలు కాలికింద గజగజలాడింది. ఆగాక కూడా ఆయన కాలు తియ్యలేదు. పచ్చదీపం వచ్చింది. వెనకవాళ్ళు హారన్లు కొట్టారు. కొట్టనిచ్చాడు.

ఆ ఊరి మీద ఆయనకు మొదట్నుంచీ చాలా ఫిర్యాదులున్నాయి. ఎర్రదీపాలు చాలవన్నది ఆ సాయంత్రం కొత్తగా చేరింది.