పోతయ్య కొట్టిన కొబ్బరికాయ

ఆ ఆదివారం పొద్దున్నే పాల్వంచ కాలనీలో సారంగపాణి తండ్రికి గట్టిగా చెప్పాడు. "నాయినా, కారు కనవడ్డా ఎరుక లేనట్టే ఉండు. నువ్వు తోలిన బండని తెలిస్తే అమ్మెటి రామక్క ధర పెంచుతది. మెకానిక్ మోతీ ఇంజను చూసి పనికొస్తదంటేనే బేరం. లేకుంటే జల్దీ వచ్చేద్దాం."

పోతయ్య బుద్ధిగా తలూపాడు. బీడీలు చుట్టే తునికాకు కాంట్రాక్టరు దగ్గర ఆ నల్ల అంబాసిడర్‌ను వయసంతా తోలిన మనిషి ఆయన. తోలడమే, వెనక సీట్లో ఒక్కనాడూ కూర్చోలేదు, ఎవరూ కూర్చోమనలేదు. ఇప్పుడు మోకాళ్లు అరిగాయి. ఉన్నన్ని రోజుల్లో ఒక్కసారైనా ఆయనను ఆ వెనక సీట్లో దొరలా కూర్చోబెట్టాలని సారంగపాణి కోరిక. "ఇంట్ల సోఫా ఉన్నది గదా, దాంట్ల కూసోబెట్టుర్రి" అంది భార్య రుక్మిణి. ఆడవాళ్లకు కొన్ని సంగతులు అర్థం కావని సారంగపాణి సరిపెట్టుకున్నాడు.

ములకలపల్లి దాటాక అడవి అంచున రామక్క ఇల్లు. కాంట్రాక్టరు వ్యాపారం ఎత్తేస్తూ ఆమె పెనిమిటికి వదిలేసిన కారు పెరట్లో ఉంది. ఒక పక్క అద్దాలు లేవు. అడుగు తుప్పు తినేసింది. డిక్కీలో కోడి పొదుగుతోంది.

"ఏందమ్మా, గీ డొక్కునా అమ్ముతా అంటున్నవ్?" సారంగపాణి మూతి విరిచి బేరం మొదలుపెట్టాడో లేదో, వెనక 'ఠప్'మని చప్పుడైంది.

పాపం పోతయ్య తప్పేమీ లేదు. ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టకుండా ఆయన ఆ బండిని ఏ పొద్దునా ముట్టలేదు. సంచిలో సరంజామా ఉంది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

"అయ్యో నాయినా!"

రామక్క చేతులు జోడించింది. "పరాయోళ్ల బండికి ఎవలన్న కాయ కొడ్తరా సారూ? బేరం అయిపోయినట్టే. కాయ పగిలినంక మాట ఎనకకు పోదు."

అప్పటికే కొబ్బరి ముక్కలు వాడంతా పంచేసింది. పక్కింటి పగిడయ్య డప్పు పట్టుకొచ్చాడు. ఎవరో కారుకు మామిడాకులు కట్టారు. "మేం చూద్దామనే వచ్చినం!" అని సారంగపాణి అరిచాడు గానీ, డప్పు ముందు ఎవరికి వినిపిస్తుంది?

"సార్, జర ఇటు రార్రి" అన్నాడు మెకానిక్ మోతీ, బానెట్ ఎత్తి పట్టుకుని. లోపల నేల కనిపిస్తోంది.

"ఇంజనేదమ్మా?"

"ఇంజనా? మిరపతోటల ఉన్నది, వాగు నీళ్లు తోడుతున్నది. మీరు కారు అడిగిన్రు గని, ఇంజను అడగలే గదా!"

సారంగపాణికి నిజంగానే ఏడుపొచ్చింది. "వద్దు నాయినా, పోదాం పా" అంటూ తిరిగి చూశాడు. పోతయ్య కండువా కొసతో స్టీరింగు తుడుస్తున్నాడు. చంటిపిల్లకు మూతి తుడిచినంత నెమ్మదిగా తుడుస్తున్నాడు. కొడుక్కి ఇక బేరమాడబుద్ధి కాలేదు. రామక్క అడిగినంత ఇచ్చేశాడు.

రామక్క ఎడ్లను బంపరుకు కట్టారు. మోతీ పగ్గాలు పట్టుకున్నాడు. "కోడిని లేపకుర్రి, పిల్లలైనంక తెచ్చియ్యుర్రి" అని రామక్క అప్పగింతలు పెట్టింది.

సారంగపాణి వెనక తలుపు తెరిచాడు. "కూసో నాయినా."

పోతయ్య కొడుకును ఎగాదిగా చూశాడు. "నేను ఎనక కూసుంటే బండి ఎవలు తోల్తరు? నువ్వెక్కు." చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, ముందు సీట్లో నిటారుగా కూర్చున్నాడు.

కొంత దూరం పోయాక వెనక సీట్లోంచి సారంగపాణి కళ్లు తుడుచుకుంటూ అడిగాడు. "రిపేరు చేపిస్తే నడుస్తదంటవా నాయినా?"

పోతయ్య అద్దంలోంచి కొడుకును చూశాడు. "ఇప్పుడు నడుస్తలేదా?"

దారిలో ఒకచోట ఎడ్లు మూత్రానికి ఆగాయి. పోతయ్య హ్యాండ్ బ్రేక్ వేశాడు.